మీ పెళ్లి డీవీడీ బాగానే ఉందా? ఒక్కసారి పరీక్షించి చూసుకోండి

మా అమ్మాయికి పన్నెండేళ్లు. మొన్న వేసవి సెలవుల్లో డాలస్‌లో తెలిసినవాళ్ల పెళ్లికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి దానికి ఒకటే ధ్యాస. "అమ్మా, నీ పెళ్లిలో కూడా జీలకర్ర-బెల్లం పెట్టారా? తలంబ్రాలు ఎవరు ఎక్కువ పోశారు? వీడియో చూపించు" అని వెంటపడింది. సరేనని గరాజ్‌లో పెట్టెలన్నీ దింపి, అడుగున ఉన్న మూడు డీవీడీలు బయటికి తీశాను.

మా పెళ్లి 2010లో తెనాలిలో అయింది. వీడియో తీసిన స్టూడియో వాళ్లు మూడు సెట్లు ఇచ్చారు. పుట్టింటికి ఒకటి, అత్తవారింటికి ఒకటి, మాకు ఒకటి. మరుసటి ఏడాది అమెరికా వచ్చేటప్పుడు మా సెట్టు నా సూట్‌కేసులో వచ్చింది. అద్దె ఇళ్లు మారుతూ, చివరికి ఇక్కడ ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాక గరాజ్‌లో అటక ఎక్కింది.

మొదటి డిస్క్ చక్కగా ప్లే అయింది. రెండో డిస్క్‌లో ముహూర్తం, తాళి కట్టడం, తలంబ్రాలు అన్నీ వచ్చాయి. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోయింది. మాట ముక్కలైంది. డ్రైవ్ కాసేపు గరగరలాడి ఆగిపోయింది.

మా నాన్నగారు 2020లో పోయారు. ఆయన ఫొటోలు బోలెడున్నాయి. కానీ ఆయన గొంతు ఉన్నది ఆ అప్పగింతల దగ్గరే. పెళ్లి మూడు డిస్కుల్లో ఇంకెక్కడా ఆయన కెమెరా దగ్గరికి రాలేదు, పనులతో తిరుగుతూనే ఉన్నారు.

నిజం చెప్పాలంటే అంతకుముందు ఏడాది కూడా ఇదే డిస్క్ పెట్టి పదిహేను నిమిషాలు చూశాం. బాగానే వచ్చింది. "బాగానే ఉందిలే" అనుకుని మళ్లీ పెట్టెలో పెట్టేశాం. ఆ "బాగానే ఉందిలే" ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. మన తెలుగు వాళ్లలో ఇలాంటి డిస్కులు లేని ఇల్లు ఉండదు కాబట్టి, నేను నేర్చుకున్నది మీతో పంచుకుందామని రాస్తున్నాను. నేను చదివింది బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్. ఉద్యోగం చేయకపోయినా, ఆ చదువు ఈ సందర్భంలో ఇలా అక్కరకొచ్చింది.

కొన్న డిస్క్ వేరు, రైట్ చేసిన డిస్క్ వేరు

షాపులో కొన్న సినిమా డీవీడీని కర్మాగారంలో అచ్చు పోస్తారు. ప్లాస్టిక్‌లోనే సన్నటి గుంటలు పడి, వాటి మీద లోహపు పూత ఉంటుంది. స్టూడియో వాళ్లు కంప్యూటర్‌లో రైట్ చేసి ఇచ్చినది అలా కాదు. అందులో గుంటలు ఉండవు. ఒక పల్చటి రంగు పొర ఉంటుంది. రాసేటప్పుడు లేజర్ ఆ రంగును అక్కడక్కడా వేడిచేసి మచ్చలు పెడుతుంది. చదివేటప్పుడు మచ్చ ఉన్నచోట వెలుగు తక్కువగా, లేనిచోట ఎక్కువగా తిరిగొస్తుంది. ఆ తేడానే మన పెళ్లి.

రంగు అన్నాక వెలుస్తుంది. ఎండలో ఆరేసిన చీర వెలిసినట్టే. వేడి, వెలుతురు, తేమ, ఈ మూడూ దానికి శత్రువులు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో లైబ్రరీల కోసం ఒక మార్గదర్శి వేసింది. ఫ్రెడ్ బైయర్స్ రాశారు. డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య, 20 నుంచి 50 శాతం తేమలో దాచమంటుంది అది. టెక్సస్ ఎండాకాలంలో బయటే 100 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాటుతుంది. మూసి ఉన్న గరాజ్ సంగతి చెప్పనక్కర్లేదు. నేను నా పెళ్లిని ఏటా ఓవెన్‌లో పెట్టి తీసినట్టయింది.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. సీడీలో రాసిన పొర సరిగ్గా లేబుల్ కిందే ఉంటుంది. అందుకే సీడీ పైవైపు గీత పడితే, అడుగువైపు గీత కంటే ఎక్కువ ప్రమాదం. డీవీడీలో ఆ పొర 0.6 మిల్లీమీటర్ల మందమున్న రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఇరుక్కుని ఉంటుంది. అతుకు అంచు దగ్గర వదిలితే గాలి, తేమ లోపలికి పోతాయి.

డ్రైవ్ చేసే పాల లెక్క

అసలు కిటుకు ఇక్కడుంది. కొత్తగా రైట్ చేసిన డిస్క్‌లో కూడా తప్పులు ఉంటాయి. వందల్లో, వేలల్లో ఉంటాయి. అయినా మనకు ఒక్కటీ కనిపించదు. ఎందుకంటే డ్రైవ్ వాటిని మనకు చెప్పకుండా దిద్దేస్తుంది.

ఎలాగో అర్థం కావాలంటే మా అమ్మ పాల లెక్క చెప్పాలి. ఒక కాగితం మీద గళ్లు గీసి, అడ్డంగా వారాలు, నిలువుగా రోజులు పెట్టి ఏ రోజు ఎన్ని పాలు పోయించుకుందో రాసేది. ప్రతి అడ్డవరస చివర దాని మొత్తం, ప్రతి నిలువు వరస కింద దాని మొత్తం. ఒకసారి ఒక గడి మీద పసుపు పడి అంకె పోయింది. ఏం ఫర్వాలేదు, ఆ వారం మొత్తంలోంచి మిగతా ఆరు రోజులూ తీసేస్తే పోయిన అంకె వచ్చేస్తుంది. ఒకే వారంలో రెండు మూడు అంకెలు పోయాయనుకోండి, అడ్డం లెక్క చాలదు. అప్పుడు నిలువు మొత్తాలు ఆదుకుంటాయి. రెండు దిక్కులా మరకలు ఎక్కువైపోతే మాత్రం పాలవాడు చెప్పిందే లెక్క.

డీవీడీ కూడా అచ్చం ఇలాగే రాస్తుంది. సమాచారాన్ని 32 కిలోబైట్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కను 192 వరసలు, వరసకు 172 బైట్ల పట్టికగా పేరుస్తుంది. ప్రతి వరస చివర 10 బైట్ల లెక్క, కింద మరో 16 వరసల లెక్క చేరుస్తుంది. మొత్తం 208 వరసలు, వరసకు 182 బైట్లు. మామూలు కూడిక కాదు, రీడ్-సాలమన్ అనే గణితం. ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనే ఇద్దరు 1960లో ప్రచురించారు. మన ఊళ్లో కొబ్బరిబొండాల బండి మీద అంటించిన క్యూఆర్ కోడ్ కొంత చెరిగిపోయినా ఫోన్‌పే పట్టేస్తుంది చూశారా? అందులోనూ ఇదే లెక్క.

అడ్డవరస లెక్కతో ఒక వరసలో 5 బైట్ల దాకా తప్పులు దిద్దుకోవచ్చు. తప్పు దొరికిన వరసల సంఖ్యను పీఐఈ అంటారు. అడ్డం లెక్కకు లొంగని వరసలను పీఐఎఫ్ అంటారు. వాటిని నిలువు లెక్క ఆదుకోవాలి. నిలువు లెక్క కూడా చేతులెత్తేస్తే ఆ ముక్క మొత్తం పోయినట్టే. మనకు బొమ్మ విరిగేది అప్పుడే.

అంటే ఏమిటి? తప్పులు ఏడాదికేడాది పెరుగుతూ పోతుంటాయి, మనకు మాత్రం బొమ్మ మొదటి రోజులాగే కనిపిస్తుంటుంది. ఒక రోజు హద్దు దాటుతుంది. ఆ రోజు ఒక్కసారిగా పోతుంది. చెదపట్టిన తలుపు లాంటిది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే లోపలికి పోతుంది. "ప్లే అవుతోంది కదా" అనడం రంగు చూసి తలుపు గట్టిదనుకోవడమే.

అప్పగింతలే ఎందుకు పోయాయి?

గ్రామఫోన్ రికార్డుకు ఇది తిరకాసు. సీడీ, డీవీడీల మీద రాత మధ్యలోంచి మొదలై అంచు వైపు వెళుతుంది. డిస్క్ నిండా రాస్తే చివరి సన్నివేశం బయటి అంచున పడుతుంది. మనం వేళ్లతో పట్టుకునేది అంచులే. అతుకు వదిలేదీ అక్కడే. రాసేటప్పుడు డ్రైవ్ వేగం పెరిగేది కూడా అంచు వైపే, అందుకని అక్కడ రాత నాణ్యత మొదటి నుంచీ కాస్త తక్కువగా ఉంటుంది.

మన పెళ్లి తంతులో చివర వచ్చేది అప్పగింతలు. ఇల్లంతా ఏడ్చే ఘట్టం సరిగ్గా డిస్క్ ముందుగా పాడయ్యే చోట కూర్చుంటుంది. బారసాల అయితే ఆఖర్న పెద్దల ఆశీర్వచనం, డాన్స్ ప్రోగ్రాం అయితే మంగళం. మొదటి పది నిమిషాలు చూసి డిస్క్ బాగుందని నిర్ణయించకండి. చూస్తే చివరి పది నిమిషాలు చూడండి.

పరీక్ష ఎలా చేయాలి

*ముందుగా కళ్లతో.* డిస్క్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. సూదిబెజ్జాల్లాంటి చుక్కలు, అంచున రంగు మారిన పట్టీ, మబ్బు కమ్మినట్టున్న మచ్చలు ఉన్నాయేమో చూడండి. పైన కాగితం స్టిక్కర్ అంటించి ఉంటే పీకకండి. దాంతోపాటు రాసిన పొర కూడా ఊడి రావచ్చు.

*తర్వాత తుడవడం.* మెత్తటి, పొడి బట్టతో మధ్యలోంచి అంచు వైపు నిలువుగా తుడవాలి. పళ్లెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రంగా పడ్డ గీత రాత వెంబడే పోతుంది కాబట్టి ఒకే చోట చాలా బైట్లను మింగేస్తుంది. అడ్డంగా పడ్డ గీత అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే తీసుకుంటుంది. వాటిని పాల లెక్క దిద్దేస్తుంది.

*మూడోది, మొత్తం కాపీ.* పరీక్ష కంటే ముందు కాపీ. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. డిస్క్ చివరి దశలో ఉంటే, ఎన్ని తప్పులున్నాయో లెక్కపెడుతూ కూర్చునే లోపే డ్రైవ్ దాన్ని పట్టడం మానేయొచ్చు. అందుకని మొదటిసారి చదవడమే కంప్యూటర్‌లోకి పూర్తి ఇమేజ్ తీయడానికి వాడండి. ఐఎస్‌ఓ ఫైల్ అంటారే, అది. నిండిన డీవీడీలో దాదాపు 23 లక్షల సెక్టార్లు ఉంటాయి, ఒక్కోటి 2,048 బైట్లు. అన్నీ తప్పు లేకుండా వచ్చేస్తే మీ డిస్క్ ఈ రోజుకి గట్టెక్కినట్టే. ఇదే సగం పరీక్ష. పాతిక, ముప్ఫై డాలర్ల యూఎస్‌బీ డ్రైవ్ దీనికి సరిపోతుంది.

*నాలుగోది, సర్ఫేస్ స్కాన్, వేగం గీత.* నీరో డిస్క్‌స్పీడ్ లాంటి ప్రోగ్రాంలు డిస్క్ అంతా చదివి, బాగున్న చోట ఆకుపచ్చ, ఇబ్బంది పడ్డ చోట పసుపు, చదవలేని చోట ఎరుపు చూపిస్తాయి. చదివే వేగాన్ని గ్రాఫ్‌గా కూడా గీస్తాయి. మంచి డిస్క్‌లో ఆ గీత నున్నగా పైకి పోతుంది. మధ్యలో గోతులు పడుతుంటే, డ్రైవ్ అక్కడ ఆగి మళ్లీమళ్లీ చదువుతోందన్నమాట. ఫైల్ వచ్చినా సరే, ఆ గోతులు హెచ్చరికే.

*అయిదోది, తప్పుల లెక్క.* అసలు ఆరోగ్య పరీక్ష ఇదే. దీనికి మాత్రం ఏ డ్రైవ్ పడితే ఆ డ్రైవ్ పనికిరాదు. సన్నటి యూఎస్‌బీ డ్రైవ్‌లు చాలావరకు తాము దిద్దిన తప్పుల లెక్క బయటికి చెప్పవు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వచ్చిన లైట్-ఆన్, బెన్‌క్యూ, ప్లెక్స్‌టర్ డ్రైవ్‌లలో చాలా మోడళ్లు చెబుతాయి. నేను వాడిన లైట్-ఆన్ డ్రైవ్ ఒకటి, దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించే అడాప్టర్ ఒకటి కొన్నాను. నీరో డిస్క్‌స్పీడ్‌లో "డిస్క్ క్వాలిటీ" అనే పరీక్ష ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లకు క్యూపీఎక్స్‌టూల్ ఉంది.

అంకెలు ఎలా చదవాలంటే:

- డీవీడీ అయితే, వరసగా ఏ 8 ముక్కలు తీసుకున్నా పీఐఈ 280 దాటకూడదు. ఆ 8 ముక్కల్లో ఉండే వరసలు 1,664. మంచి డిస్క్‌లో పీఐఈ పదుల్లోనే ఉంటుంది.
- పీఐఎఫ్ ఒక ముక్కకు 4 మించకూడదు.
- సీడీ అయితే సీ1, సీ2 అని రెండు అంకెలు వస్తాయి. సీ1 సగటు సెకనుకు 220 లోపు ఉండాలి. సీ2 సున్నా ఉండాలి. సీ2 కనిపించిందంటే ఆ రోజే కాపీ తీయండి.
- ఒక డ్రైవ్ ఇచ్చిన అంకెను ఇంకో డ్రైవ్ అంకెతో పోల్చకండి. ఇద్దరు డాక్టర్ల దగ్గర బీపీ వేరుగా వచ్చినట్టు వస్తుంది. ఒకే డ్రైవ్, ఒకే వేగం పెట్టుకుని, ఏడాదికోసారి చూసి రాసుకోండి. అంకె కన్నా అది పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం.

నా డిస్క్ స్కాన్ చూస్తే మొదటి గంట దాకా పీఐఈ 40 లోపే ఉంది. అక్కడి నుంచి మెల్లగా ఎక్కి, చివరి పావుగంటలో 280 గీత దాటి కొండలా లేచింది. ఆ కొండ గత ఏడాదీ ఉండే ఉంటుంది, కాస్త చిన్నదిగా. మేం చూడలేదంతే.

పాడైన డిస్క్‌లోంచి ఎలా తీశాను

మామూలు కాపీ ఒక సెక్టార్ దగ్గర ఆగితే మొత్తం వదిలేస్తుంది. దానికి బదులు డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం వాడాలి. లినక్స్‌లో, మ్యాక్‌లో పనిచేస్తుంది. అది ముందు తేలిగ్గా వచ్చేవన్నీ తెచ్చేసుకుంటుంది, మొండికేసిన చోట్లు దాటిపోతుంది, తర్వాత తీరిగ్గా వెనక్కొచ్చి వాటిని చిన్నచిన్న ముక్కలుగా ప్రయత్నిస్తుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో ఆపినా మళ్లీ అక్కణ్నుంచే మొదలెడుతుంది. సెక్టార్ సైజు 2048 అని చెప్పడం మరవకండి.

ఒక రాత్రంతా నడిపాక 41,600 సెక్టార్లు రాలేదు. ఆ డిస్క్ లెక్కన రెండు నిమిషాలకు పైగా వీడియో. ఒకే చోట కాదు, చివరి పావుగంట పొడుగునా చెదురుమదురుగా. అందుకే అప్పగింతలు మొత్తం పోయినట్టు కనిపించింది. అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైల్ ఇచ్చి రెండో డ్రైవ్‌లో పెడితే 28,800కి తగ్గింది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది, కళ్లజోడు మార్చినట్టు. ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పినా కదల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, స్టూడియో ఇచ్చింది మూడు సెట్లు కదా. తెనాలికి ఫోన్ చేశాను.

"అమ్మా, మా పెళ్లి డీవీడీలు ఉన్నాయా?"

"ఎక్కడికి పోతాయే? బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. మీ నాన్నే పెట్టారు అక్కడ. నేను కదపలేదు."

చీకటి, చల్లదనం, చీరల మధ్య మెత్తదనం. నిస్ట్ వాళ్ల పుస్తకం చదవకుండానే నాన్న సరైన చోటు చూసి పెట్టారు. మా వీధిలో ఉండే స్నేహితురాలి అమ్మానాన్నలు ఆగస్టులో వస్తుంటే, ఆవకాయ సీసాలకు దూరంగా చేతిసంచిలో పెట్టుకురమ్మని బతిమాలాను. పాపం, పిన్నిగారు ఆ డబ్బాను విమానంలో ఒళ్లోనే పెట్టుకున్నారట.

రెండు డిస్కులను కలపాలంటే అవి ఒకే మూలం నుంచి రైట్ చేసినవై ఉండాలి. వేరే రోజు మళ్లీ తయారుచేసి రాసి ఉంటే సెక్టార్లు కుదరవు, కలిపితే మొత్తం చెడుతుంది. అందుకని ముందు రెండింటిలో మొత్తం సెక్టార్ల సంఖ్య చూశాను, సమానం. తర్వాత రెండింటిలోనూ పూర్తిగా చదవగలిగిన మొదటి వీఓబీ ఫైల్ తీసుకుని చెక్‌సమ్ చూశాను, అక్షరం తేడా లేదు. అంటే కవల డిస్కులే. అప్పుడు నా ఇమేజ్, నా మ్యాప్ ఫైల్ అలాగే ఉంచి, డ్రైవ్‌లో అమ్మ డిస్క్ పెట్టి డీడీరెస్క్యూ నడిపాను. అది నా డిస్క్‌లో ఖాళీగా ఉన్న చోట్లు మాత్రమే అమ్మ డిస్క్‌లోంచి తెచ్చి నింపుతుంది.

అమ్మ డిస్క్ కూడా నిర్దోషి కాదు. మధ్యలో ఒక గీత పట్టీ ఉంది, అక్కడ చదవదు. కానీ అంచు శుభ్రంగా ఉంది. నాది అంచు పోయింది, మధ్య బాగుంది. రెండూ కలిపితే ఒక పెళ్లి అయింది. చివరికి రానివి 96 సెక్టార్లు, సెకనులో మూడో వంతు కూడా కాదు.

కాబట్టి మీ డిస్క్ పోయిందని పారేసేముందు, ఇంకో కాపీ ఎవరి దగ్గరుందో వాకబు చేయండి. వియ్యంకుల ఇంట్లోనో, మేనత్త ఇంట్లోనో ఉంటుంది. అది సగం పాడైనదైనా సరే, పనికొస్తుంది.

వీసీడీలు, ఇంకొన్ని సంగతులు

*వీసీడీలు ముందు.* డీవీడీలకు ముందు జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు వీసీడీల మీద ఉంటాయి. మామూలు డేటా సీడీలో ప్రతి 2,352 బైట్లలో 2,048 మాత్రమే సమాచారం. మిగతా దాంట్లో అదనపు దిద్దుబాటు లెక్క ఉంటుంది. వీసీడీలో ఎక్కువ నిమిషాలు పట్టించడానికి ఆ అదనపు లెక్క తీసేసి 2,324 బైట్ల వీడియో నింపారు. అంటే వాటికి ఒక రక్షణ పొర తక్కువ. మీ దగ్గర రెండూ ఉంటే వీసీడీలతో మొదలెట్టండి. అందులోని డాట్ ఫైళ్లు మామూలుగా కాపీ కాకపోతే ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాంతో తీయొచ్చు.

*ప్లే కాకపోవడం అంటే పాడవడం కాదు.* ఇండియాలో చేసిన డీవీడీ పాల్ పద్ధతిది, సెకనుకు 25 ఫ్రేములు, 576 గీతలు. అమెరికా ప్లేయర్లు ఎన్‌టీఎస్‌సీవి. టీవీకి తగిలించిన ప్లేయర్‌లో రాకపోతే కంప్యూటర్‌లో వీఎల్‌సీతో చూడండి.

*చిన్న డిస్కులు.* హ్యాండీకామ్‌లో వాడిన 8 సెంటీమీటర్ల మినీ డీవీడీలను కెమెరాలోనే ఫైనలైజ్ చేయకపోతే కంప్యూటర్‌కి ఖాళీగా కనిపించవచ్చు. ఆ కెమెరా పారేయకండి. డిస్క్‌ను సందులోకి లాక్కునే డ్రైవ్‌లలో వాటిని పెట్టకండి, ఇరుక్కుంటాయి.

*క్యాసెట్లు.* వీహెచ్‌ఎస్ నుంచి డీవీడీలోకి మార్పించాం కదా అని క్యాసెట్ పారేయకండి. ఆ డీవీడీయే ముందు పోవచ్చు.

*ఆసుపత్రి సీడీలు.* ఎంఆర్‌ఐ, సీటీ స్కాన్‌లు ఇచ్చే సీడీలూ ఇలా రైట్ చేసినవే. పెద్దవాళ్ల పాత స్కాన్‌లు డాక్టర్ అడిగిన రోజున చదవకపోతే ఇబ్బంది. వాటినీ పూర్తి ఇమేజ్‌గా తీసి పెట్టుకోండి.

కాపీ తీశాక

కాపీ తీసి ఊరుకుంటే మళ్లీ అదే "బాగానే ఉందిలే". ప్రతి ఇమేజ్‌కి షా-256 చెక్‌సమ్ తీసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టుకోండి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఆ సదుపాయం ఉంది. అది ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్ మారినా వేలిముద్ర మారిపోతుంది. ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చుకుంటే సరి. ఒక డీవీడీ ఇమేజ్ నాలుగున్నర జీబీ లోపే. మూడు డిస్కుల పెళ్లి ఇప్పుడు ఫోన్‌లో కూడా పడుతుంది. నేను రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి న్యూజెర్సీలో అక్కయ్య ఇంట్లో ఉంచాను, ఇంకో కాపీ క్లౌడ్‌లో ఉంది.

మళ్లీ డిస్క్ మీద రాద్దామా అని కొందరు అడుగుతారు. రంగు పొరకు బదులు రాయిలాంటి పొర ఉండే ఎం-డిస్క్ వంటివి ఉన్నాయి, వాటికి తగిన రైటర్ కావాలి. కానీ కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవే ఉండడం లేదు. సోనీ 2025 ఫిబ్రవరితో రికార్డు చేసే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. డిస్క్ బతికినా దాన్ని చదివే పరికరం దొరకని రోజు దూరంలో లేదు. మంచి డ్రైవ్‌లు ఇంకా దొరుకుతున్నప్పుడే ఈ పని చేసుకోవాలి.

సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం నేను, మావారు, అమ్మాయి కూర్చుని చివరి పావుగంట చూశాం. అత్తయ్యగారి చేతిలో నా చెయ్యి పెట్టేటప్పుడు నాన్న ఏదో చెప్పి ఉంటారని ఇన్నేళ్లూ నా మనసులో ఉంది. ఆయన నాతో ఏమీ అనలేదు. అత్తయ్యగారికి, మావయ్యగారికి దణ్ణం పెట్టి పక్కకు తిరిగిపోయారు. కారు ఎక్కాక మాత్రం వంగి డ్రైవర్‌తో, "బాబూ, మెల్లగా పోనీయ్. తొందరేం లేదు" అన్నారు. అంతే. మా అమ్మాయి దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి వింది. "తాతయ్య గొంతు అమ్మ ఫోన్‌లో మాట్లాడినట్టే ఉంది" అంది.

ఈ వారాంతం గరాజ్‌లోంచి ఒక్క పెట్టె దింపండి. అందులోంచి ఒక్క డిస్క్ తీసి, చివరి పది నిమిషాలు చూసి, ఇమేజ్ తీసి పెట్టుకోండి. మిగతావి వచ్చే వారం.